లేని రోజుకు ఒక నంబరు

ఎక్సెల్‌లో ఏదైనా ఖాళీ గడిలో 60 అని కొట్టి, దాన్ని తేదీగా మార్చి చూడండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. అలాంటి రోజు ఈ భూమ్మీద తెల్లవారనే లేదు. నాలుగుతో భాగం పోయే ఏడాది లీపు సంవత్సరమే కానీ, 1900, 2000 లాంటి వందల ఏళ్లకు 400తో కూడా భాగం పోవాలి. ఆ పరీక్షలో 2000 నెగ్గింది, 1900 తప్పింది.

ఎక్సెల్‌కు తేదీ అంటే వట్టి అంకె. 1900 జనవరి 1కి 1, మర్నాటికి 2, అలా రోజుకొకటి. తెర మీద కనిపించే రోజూ నెలా పైతొడుగు మాత్రమే. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 దాని ఖాతాలో 17394. ఓపికగా లెక్కపెడితే 17393 రావాలి. ఎక్కువైన ఆ ఒకటి, లేని ఫిబ్రవరి 29దే.

నిజానికి ఈ తప్పు 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాముది. నాలుగుతో భాగం పోతే చాలనుకుంటే ప్రోగ్రాముకు పని తేలిక. 1901 నుంచి 2099 దాకా ఆ సూత్రం ఎక్కడా బెసగదు కూడా. అప్పట్లో ఆఫీసు లెక్కలు చాలావరకు లోటస్‌లోనే ఉండేవి. ఆ ఫైళ్లు ఎక్సెల్‌లో కూడా సరిగ్గా తెరుచుకోవాలని, దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ ఆ తప్పును ఉన్నదున్నట్టు దించుకుంది. తద్దినం నాడు పిల్లిని గంప కింద మూసిన కథలో కొడుక్కి కారణం తెలియదు. వీళ్లు తెలిసే మూశారు.

ఇప్పుడు దిద్దితే? పాత ఫైళ్లలోని 17394 కాస్తా ఆగస్టు 16 అయిపోతుంది. బిల్లుల గడువులు, పుట్టినరోజులు అన్నీ ఒక రోజు ముందుకు జరుగుతాయి. దిద్దకపోతే 1900 మార్చికి ముందు తేదీలకు వారం తప్పుతుంది, అంతే: సోమవారమైన ఆ జనవరి 1ని ఎక్సెల్ ఆదివారం అంటుంది. వదిలేయడమే సబబని నా లెక్క. కానీ 2006లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ ఎక్సెల్ ఫైళ్ల రూపాన్ని ప్రమాణంగా ప్రచురించినప్పుడు, లేని రోజు కూడా అందులోకి ఎక్కి కూర్చుంది. అది మాత్రం నాకు మింగుడుపడదు.

గూగుల్ షీట్స్ వాళ్లు ఇంకో దారి పట్టారు. లేని రోజును తీసేశారు, కానీ అంకెలు ఎక్సెల్‌తో కలవాలి కదా! అందుకని లెక్క మొదలునే ఒక రోజు వెనక్కి నెట్టారు. అక్కడ 1 కొట్టి తేదీగా మారిస్తే 1899 డిసెంబరు 31 వస్తుంది.