ఉప్పుగాలిలో యుద్ధ విమానం

కాకినాడ బీచ్‌లో నిలబెట్టిన టీయూ-142 నౌకాదళ నిఘా విమానం కింద ఫొటోలు దిగడం అయ్యాక, ఒక పది నిమిషాలు దాని పొట్ట వైపు చూడండి. రేకు మీద రేకు ఎక్కించి రివిట్లు కొట్టిన అతుకులు, లోపలి నీరు కారిపోవడానికి వదిలిన బెజ్జాలు, చక్రాల దగ్గరి బోల్టులు కనిపిస్తాయి. ఎంత వేగంగా ఎగిరింది, ఎంత దూరం వెళ్ళింది అన్నవి బోర్డు మీద చదువుకోవచ్చు. ఇంకా ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది ఈ అతుకుల దగ్గరే తెలుస్తుంది. సముద్రానికి కూతవేటు దూరంలో అల్యూమినియం విమానాన్ని ఏళ్ళ తరబడి కాపాడటం చాలా కష్టమైన పని. అందులో ఏది ముందు పాడవుతుందో, ఎందుకు పాడవుతుందో తెలిస్తే మ్యూజియం చూసే తీరే మారిపోతుంది.

ఈ తీరానికి యుద్ధ విమానాలతో పరిచయం పాతదే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు ఒకే రోజు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా నడిపిన ఆ దళం అదే రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచింది. బాంబులు మోసినవి నకజిమా బీ5ఎన్ రకం విమానాలు. ఒకే ఇంజను, ముగ్గురు మనుషులు, 800 కిలోల టోర్పెడో గానీ దాదాపు అంతే బరువు బాంబులు గానీ. వెయ్యికి పైగా తయారైన ఆ రకంలో ఇవాళ పూర్తి రూపంతో మిగిలింది ఒక్కటీ లేదు. శకలాలుగా దొరికినవే మ్యూజియాల్లో ఉన్నాయి. కాకినాడ పెద్దవాళ్ళు తలెత్తి చూసిన విమానం ఎలా ఉండేదో మనవళ్ళకు చూపించడానికి బొమ్మలే గతి. ఒక రకం విమానం లోకంలో లేకుండా పోవడమంటే ఇదే.

టీయూ-142 ఆ యుద్ధం నాటిది కాదు. తొలిసారి ఎగిరింది 1968లో. మన నౌకాదళంలో 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద నిఘా కాసింది. అయినా దాని ఒంట్లో ఆ యుద్ధపు గుర్తు ఒకటి ఉంది. గొట్టంలా ఉండే ఆ ఒంటి వ్యాసం 2.9 మీటర్లు. ఇది అమెరికా బీ-29 బాంబర్ కొలత. 1944లో ఖరగ్‌పూర్, చకులియా లాంటి స్థావరాల్లో ఉన్న బీ-29 దళాలు చైనాలో ఆగి, అక్కణ్ణుంచి మంచూరియా, జపాన్ల మీద దాడికి వెళ్ళేవి. ఆ దాడుల్లో దెబ్బతిన్నవో ఇంధనం చాలనివో మూడు విమానాలు సోవియట్ గడ్డ మీద వ్లాదివోస్తోక్ దగ్గర దిగాయి. సోవియట్లు వాటిని తిరిగి ఇవ్వలేదు. ఒకదాన్ని పూర్తిగా విప్పి, ముక్క ముక్కా కొలిచి టీయూ-4 బాంబర్ తయారుచేశారు. అది 1947లో ఎగిరింది. అమెరికా రేకు మందం అంగుళంలో పదహారో వంతు, అంటే 1.5875 మిల్లీమీటర్లు. సోవియట్ మిల్లుల్లో అలాంటి రేకు రాదు. అందుకని చోటును బట్టి 0.8 నుంచి 1.8 మిల్లీమీటర్ల దాకా రకరకాల రేకులు వాడి, బలం లెక్కలన్నీ మళ్ళీ వేసుకోవాల్సి వచ్చింది. ఒంటి వ్యాసం మాత్రం అలాగే ఉంచారు. అదే తర్వాతి టీయూ-95 బాంబర్‌కి, దాన్నుంచి టీయూ-142కి దిగింది. ఖరగ్‌పూర్ నుంచి వెళ్ళిన కొలత మాస్కో చుట్టి మన తీరానికే వచ్చిందన్నమాట.

ఇక లోహం సంగతి. స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన, దానితో విమానం కట్టలేం. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ దాంట్లో 4 శాతం దాకా రాగి, కొద్దిగా మెగ్నీషియం కలిపి, దాదాపు 500 డిగ్రీలకు కాచి, నీళ్ళలో ముంచి చల్లార్చాడు. వెంటనే చూస్తే పెద్ద తేడా లేదు. రెండు రోజులు ఊరికే ఉంచి మళ్ళీ పరీక్షిస్తే గట్టిపడి ఉంది. లోపల చెల్లాచెదురుగా ఉన్న రాగి పరమాణువులు మెల్లగా గుంపులు కట్టి, లోహపు పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా అడ్డుపడతాయి. ఆ మిశ్రమం డ్యురాల్యుమిన్. 1931లో వచ్చిన, 2024 అనే నంబరుతో పిలిచే మిశ్రమం, సోవియట్ల డీ16, అన్నీ ఆ వంశమే. స్వచ్ఛమైన అల్యూమినియం కంటే అయిదు రెట్లు బలం.

ఈ గట్టిపడే గుణం యుద్ధకాలపు ఫ్యాక్టరీల్లో ఒక చిక్కు తెచ్చింది. ఇదే లోహంతో చేసిన రివిట్లు కాచి చల్లార్చిన కాసేపటికే గట్టిపడటం మొదలవుతుంది. 2024 రకమైతే పది ఇరవై నిమిషాల్లో కొట్టెయ్యాలి. ఆలస్యమైతే తల పగులుతుంది. అందుకే రివిట్లను మంచు పెట్టెల్లో, సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో దాచి, కావలసినన్నే బయటికి తీసి కొట్టేవాళ్ళు. చలిలో పరమాణువులు కదలవు, గట్టిపడటం ఆగుతుంది. మ్యూజియంలో యుద్ధకాలపు రెక్క మీద వరస తప్పకుండా ఉన్న వేల రివిట్లు చూసినప్పుడు, ప్రతి దాని వెనకా ఇలా గడియారంతో పోటీపడ్డ చేతులు ఉన్నాయని తెలుసుకోవాలి.

బలాన్ని ఇచ్చిన రాగే విమానానికి చేటు కూడా. అల్యూమినియం మీద గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకు చిల్లులు పెడుతుంది. చిల్లు పడ్డచోట రాగి ఎక్కువున్న రేణువు ఒక ధ్రువం, చుట్టూ ఉన్న అల్యూమినియం ఇంకో ధ్రువం అయి చిన్న బ్యాటరీ తయారవుతుంది. కరిగేది అల్యూమినియమే. దీనికి నడుమ నీటి పొర కావాలి, వాన పడనక్కర్లేదు. వానాకాలంలో వంటింటి జాడీలో ఉప్పు చెమర్చినట్టే విమానం మీద పడ్డ ఉప్పూ చెమరుస్తుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు లాక్కుని ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. డెల్టాలో రాత్రిళ్ళు తేమ 75 దాటడం ఎండాకాలంలోనూ మామూలే. అంటే కడగని విమానం మన దగ్గర దాదాపు ఏడాది పొడుగునా తడిగానే ఉంటుంది, కంటికి పొడిగా కనిపించినా.

ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు కాబట్టి చాలామంది గమనించరు. అల్యూమినియం చిలుము తెల్లటి పొడి. అతుకు లోపల అది పుడితే బయటికి రావడానికి దారి ఉండదు. తినేసిన లోహం కంటే ఆ పొడికి ఎన్నో రెట్లు చోటు కావాలి. దాంతో రివిట్టుకీ రివిట్టుకీ మధ్య రేకు దిండులా ఉబ్బుతుంది, ఒక్కోసారి రివిట్టు తల తెగి పడిపోతుంది. ఉదయం పూట ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఒంటికి చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి, పొడుగునా చూపు సారిస్తే ఈ ఉబ్బులు నీడలుగా తెలుస్తాయి. నడినెత్తి ఎండలో కనపడవు. రంగు కింద దారాల్లా పాకే సన్నటి గీతలు ఇంకో గుర్తు. అవి ఎప్పుడూ రివిట్టు తల దగ్గరో గీత పడ్డచోటో మొదలవుతాయి. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య తిరిగే బోయింగ్ 737 పైకప్పు గాలిలో ఊడిపోయింది. అక్కడా మూలం అతుకులే: జిగురు వదిలింది, ఉప్పుతేమ దూరింది, రివిట్ల వరస పొడుగునా పగుళ్ళు కలిశాయి.

తయారుచేసినవాళ్ళు దీనికి విరుగుడు ఆలోచించకపోలేదు. బలమైన మిశ్రమపు రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అంటించారు. ఒక మిల్లీమీటరు రేకు మీద ఆ పొర వైపుకు 0.05 మిల్లీమీటర్లు. గీత పడితే ముందు ఆ పొరే కరిగి లోపలి మిశ్రమాన్ని కాపాడుతుంది. అందుకే యుద్ధ విమానాన్ని అద్దంలా మెరిపించాలని ఏటా పాలిష్ పట్టడం మంచి పని కాదు. గరుకు పాలిష్‌తో పదేపదే రుద్దితే రక్షణ పొరే పోతుంది. స్టీల్ పీచు, ఇనప బ్రష్షు అసలు తాకనివ్వకూడదు. వాటి నుంచి రాలిన ఇనప రేణువు ఒక్కటి గుచ్చుకున్నా దాని చుట్టూ కొత్త గుంట మొదలవుతుంది.

కాపాడే పద్ధతి చెప్పుకోవడానికి చిన్నదే, మానకుండా చెయ్యడమే కష్టం. మంచినీళ్ళతో కడగాలి, కడిగింది ఆరాలి. తీరంలో బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పు. ఆ నీళ్ళతో కడిగితే ఉప్పును పోసినట్టే. గోదావరి కాలువ నీళ్ళు శుద్ధిచేసి వాడాలి. సబ్బు తటస్థంగా ఉండాలి. వాషింగ్ సోడా ఆక్సైడ్ పొరను కరిగించి లోహాన్ని తింటుంది. నేల కడిగే బ్లీచింగ్ పౌడరులో ఉన్నది క్లోరినే. సబ్బునీళ్ళు కింది నుంచి పైకి రాసుకుంటూ వెళ్ళాలి, లేకపోతే పైనుంచి కారిన చారలు ఎండి మచ్చలవుతాయి. తర్వాత పైనుంచి కిందికి కడగాలి. కారు కడిగే ప్రెషర్ గన్‌ను అతుకుల మీద పెడితే ఉప్పు, నీరు రెండూ లోపలికే పోతాయి, కాబట్టి మామూలు పైపు చాలు. చివర కారిన నీటిని ఒక గ్లాసులో పట్టి రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వెయ్యండి. పైపు నీటిలో వేసిన దానికంటే ఎక్కువ పాలలా తెల్లబడితే ఇంకా ఉప్పుందని అర్థం. ఆరాక అతుకుల వెంట నీటిని తోసేసే నూనె సన్నగా కొట్టాలి.

విమానం పొట్టలో నీరు పోయే బెజ్జాలు నేల మీద ఆగినప్పటి వాలుకు లెక్క వేసి పెట్టినవి. మ్యూజియంలో టైర్ల మీది బరువు తీయడానికి దాన్ని ఇనప దిమ్మెల మీదికి ఎక్కిస్తారు. టైర్లకు అది మంచిదే, లేకపోతే ఎండకీ ఓజోన్‌కీ రబ్బరు బీటలు వారి అణిగిపోతుంది. కానీ ఎక్కించేటప్పుడు ముక్కు ఒక్క డిగ్రీ ఎత్తు మారినా నీళ్ళు బెజ్జం దాకా రాకుండా మధ్యలో నిలిచిపోతాయి. దిమ్మె మీద పెట్టిన రోజే లోపల బకెట్టు నీళ్ళు పోసి ఎక్కడ ఆగుతున్నాయో చూసుకోవాలి. ఆ బెజ్జాలు కందిరీగలు మట్టి పెట్టడానికి ఇష్టపడే చోట్లు కూడా. నైలాన్ పుల్లతో తియ్యాలి, తీగతో పొడవకూడదు.

జనం ఎక్కడానికి పెట్టిన ఇనప మెట్లు ఇంకో బలహీనమైన చోటు. ఇనుమును నేరుగా అల్యూమినియానికి బోల్టు వేస్తే ఉప్పుతేమలో అల్యూమినియం బెజ్జం పెద్దదైపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు, రబ్బరు పట్టీ, సీలెంటు మూడూ ఉండాలి. లోపల ఏసీ పెడితే మరో చిక్కు. బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు మంచు బిందువు, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత, 27 డిగ్రీలు. ఏసీ 22లో ఉంటే, ఎండ తగలని రేకు 27 కంటే చల్లబడినప్పుడల్లా చెమరుస్తుంది. ఇక 53 మీటర్ల పొడవున్న అల్యూమినియం 30 డిగ్రీల తేడాకు మూడున్నర సెంటీమీటర్ల పైగా సాగుతుంది. ముందు కాలు, వెనక కాళ్ళు అన్నీ కాంక్రీటులో బిగించేస్తే ఆ సాగుడు అతుకుల్ని లాగుతుంది. ఒకటి బిగించి, మిగతావి జరిగేలా వదలాలి.

యుద్ధకాలపు అసలు విమానాలు చూడాలంటే ఢిల్లీ పాలం మ్యూజియానికి వెళ్ళాలి. అక్కడ స్పిట్‌ఫైర్, హరికేన్, లైసాండర్ ఉన్నాయి. బ్రిటిష్ వైమానిక దళం కాన్పూరులో పనికిరాకుండా చేసి వదిలిపోతే హెచ్‌ఏఎల్ బాగుచేసి 1948 నుంచి మన వైమానిక దళం ఎగరేసిన లిబరేటర్ బాంబర్ల రకం కూడా ఉంది. హరికేన్ వెనక భాగం లోహపు రేకు కాదు, ఉక్కు గొట్టాల మీద చెక్క, దాని మీద లాకరు పూసిన నార గుడ్డ. అదే కాలపు బ్రిటిష్ విమానం మాస్కిటో అయితే దాదాపు మొత్తం చెక్కే. 1944 అక్టోబరు, నవంబరుల్లో ఇక్కడి మాస్కిటోలు గాలిలో విరిగిపోవడంతో అన్నిటినీ నేల మీదే ఆపి రెక్కలు పరీక్షించారు. పైచెక్క రెక్క వెన్నుకమ్మికి అతికిన చోట జిగురు వదిలిన అతుకులు బయటపడ్డాయి. ఇలాంటి విమానాలను డెల్టా గాలిలో ఆరుబయట పెట్టే ఆలోచనే చెయ్యకూడదు. ఆ కాలపు విమానాల్లోని చాలా గడియారం ముఖాల మీది అంకెలు రేడియం రంగుతో రాసినవి. వెలుగు ఏనాడో ఆగిపోయింది, కిరణాలు ఆగలేదు. రేడియం సగం తగ్గడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. పాత సామాన్ల దుకాణంలో అలాంటిది దొరికితే అద్దం తియ్యకండి, ముల్లును గీకకండి.

ఇక మన తీరానికి అన్నిటికంటే పెద్ద పరీక్ష తుపాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చిన తుపాను మళ్ళీ రాదని అనుకోవడానికి లేదు. గంటకు 200 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 180 కిలోల ఒత్తిడి పెడుతుంది. 290 చదరపు మీటర్ల రెక్కకు గాలి ఎదురొస్తే అది మళ్ళీ ఎగరడానికే చూస్తుంది. ముందు రోజే ప్రొపెల్లర్లు తిరక్కుండా కట్టాలి, రెక్క చివర్ల నుంచి నేలలోని కొక్కేలకు తాళ్ళు బిగించాలి, తలుపులు మూయాలి, నీటి బెజ్జాలు మాత్రం తెరిచే ఉంచాలి. గాలి తగ్గాక మొదటి 24 గంటల్లో మంచినీళ్ళ కడుగుడు పూర్తవ్వాలి. ఉప్పునీరు పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది కాబట్టి మామూలుగా తడవని తోక కింది అతుకులు, చక్రాల గదులు, రెక్క వెనక అంచు ముందు చూసుకోవాలి. అడుగు ప్యానెళ్ళు విప్పి ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టి, నూనె కొట్టి మూయాలి. తెల్లపొడి ఆ వారమే కనపడదు. నెల రోజుల తర్వాత అదే వరసలో మళ్ళీ విప్పి చూసి, కనపడ్డ ప్రతి చోటినీ రివిట్టు వరసతో సహా రిజిస్టరులో రాసుకోవాలి.