ప్లేట్‌లెట్లు ఇస్తే రక్తం గడ్డకట్టదా?

డెంగీ సీజన్‌లో మా బ్లడ్ బ్యాంకుకి పేషెంట్ల తాలూకు ఫోన్లు ఎన్ని వస్తాయో, డోనర్ల ఇళ్ల నుంచీ అన్ని వస్తాయి. మొన్నొక అబ్బాయి సంతకం పెట్టి కుర్చీలో కూర్చున్నాడో లేదో, వాళ్లమ్మ ఫోన్. "డాక్టరు గారూ, వాడు రోజూ బండి మీద తిరుగుతాడు. దెబ్బ తగిలితే రక్తం ఆగదంట కదా?"

వాట్సాప్‌లో ఇది రాసి పంపేవాళ్ల మీద నాకు ఒళ్లుమంట. ఆమె మీద కోపం రాలేదు. డెంగీవాళ్లకి ప్లేట్‌లెట్ కౌంటు పడితే రక్తం కారుతుందని విని ఉంది, కొడుక్కీ అంతే అనుకుంది.

లెక్క చెప్పాను. లక్షన్నర లోపు కౌంటు ఉంటే మేం అసలు తీసుకోం. అతనికి 2.6 లక్షలుంది. ఎస్‌డీపీ (ఒక్క డోనర్ నుంచే మెషీన్‌తో ప్లేట్‌లెట్లు వేరుచేసి తీసుకోవడం) ఇస్తే మామూలుగా 20 నుంచి 30 శాతం తగ్గుతుంది. అంటే ఇచ్చాక కూడా 1.8 లక్షల పైనే. చాలా ఆపరేషన్లకి సర్జన్లు అడిగేదే 50 వేలు! దెబ్బ లేకుండానే రక్తం కారే ప్రమాదం ఎక్కువయ్యేది 10, 20 వేలకి పడిపోయినప్పుడు. పైగా డెంగీలో రక్తనాళాలే లీకవుతాయి, ఆ కథ వేరు. డోనర్‌కి తగ్గినవి కొద్ది రోజుల్లో మళ్లీ తయారవుతాయి. గడ్డకట్టించే ఫ్యాక్టర్లు ప్లాస్మాలో ఉంటాయి, దాన్ని చాలావరకు మెషీన్ తిరిగి ఒంట్లోకే పంపేస్తుంది.

"మరి రక్తం పలచబడే మందు కలుపుతారట?" కలుపుతాం, ట్యూబుల్లో గడ్డకట్టకుండా సిట్రేట్. అది కాల్షియంని పట్టేస్తుంది కాబట్టి పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కొచ్చు. అప్పుడు చెప్పండి, మెషీన్ స్పీడు తగ్గిస్తాం, కాల్షియం బిళ్ల ఇస్తాం. లివర్ ఆ సిట్రేట్‌ని త్వరగానే కరిగించేస్తుంది. పలచబడి ఉండిపోవడం లేదు.

ఆస్పిరిన్ వేసుకుంటే మూడు రోజులు ఆగమనేది మీ కోసం కాదు, ఆ ప్లేట్‌లెట్లు పేషెంటుకి సరిగ్గా పనిచేయవని. రెండుసార్ల మధ్య కనీసం 48 గంటలు, ఏడాదికి 24 మించకూడదు. అంతే.

చివరి నిమిషంలో డోనర్ లేచి వెళ్లిపోతే మాత్రం కష్టం. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిల్వ ఉంటాయి, బీరువా నిండా దాచుకునే సరుకు కాదు. వార్డు బయట నిలబడ్డ పేషెంటు తండ్రికి ప్లేట్‌లెట్లు లేవని చెప్పాల్సింది నేనే.

ఆ అబ్బాయి ఇచ్చే వెళ్లాడు. మర్నాడు వాళ్లమ్మ మళ్లీ ఫోన్. "చెయ్యి నీలంగా కమిలింది, నేను చెప్పలేదా?" ఆరా తీస్తే, దొర గారు సాయంత్రమే జిమ్‌కెళ్లి బరువులెత్తారట. సూది గుచ్చిన చోటు కాస్త ఉబ్బి నీలంగా మారడం మామూలేనమ్మా, ఐసు పెట్టండి, జిమ్ మాన్పించండి అన్నాను. "అది నా వల్ల కాదు, మీరే చెప్పండి" అని ఫోన్ వాడి చేతికిచ్చింది.