భుజం జరపలేని కావడి

మా చిన్నప్పుడు గుంటూరులో మా వీధికి కావడితో నీళ్లు తెచ్చే ఒకాయన ఉండేవాడు. ఒక ఇంట్లో ఒక బిందె వంపేశాక, నిండు బిందె భుజానికి దగ్గరయ్యేలా బద్దను జరుపుకుని పక్కింటికి నడిచేవాడు. ఒక్క చుక్క తొణికేది కాదు.

గన్నవరంలో విమానమెక్కి రెక్క పక్క సీట్లో కూర్చున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. ఆ రెక్క లోపల ఉన్నది ఇంధనమే, కిరోసిన్ లాంటిది, లీటరు సుమారు 800 గ్రాములు. బోయింగ్ 737-800లో నిండా పోస్తే 20 టన్నులు దాటుతుంది. రెక్కకు దాదాపు 4 టన్నులు, మిగతాదంతా మధ్య ట్యాంకులో.

ముందు ఖాళీ అయ్యేది మధ్య ట్యాంకే. దాని పంపులు రెక్కల పంపులకంటే గట్టిగా తోస్తాయి, అందుకని ఇంజన్లకు ఆ ఇంధనమే ముందు చేరుతుంది. గాలి రెక్కల్ని పైకి వంచుతుంటే వాటిలోని బరువు కిందికి అదిమిపట్టి మొదళ్లకు సాయపడుతుంది మరి. ఆ బరువును వీలైనంతసేపు అక్కడే ఉంచుకోవాలి.

తర్వాత ఏ పక్క ఇంజన్ ఆ పక్క రెక్కలోది తాగుతుంది. రెండూ సరిసమానంగా తాగవు. రెండు రెక్కల ఇంధనానికీ మధ్య తేడా 453 కిలోలు దాటితే కాక్‌పిట్‌లో హెచ్చరిక వెలుగుతుంది. అప్పుడు రెండు వైపుల ఇంధన గొట్టాల్ని కలిపే క్రాస్‌ఫీడ్ వాల్వు తెరిచి, తేలికైన వైపు పంపులు ఆపేస్తారు. ఆ బిందెలోంచి ఈ బిందెలోకి పోస్తారనుకుంటాం గానీ, ఇక్కడ జరిగేది అది కాదు. రెండు ఇంజన్లూ బరువైన వైపు నుంచే తాగుతాయి, సమానమయ్యేదాకా.

ధ్వనికంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్‌ది మరీ చిత్రం. ధ్వని వేగం దాటితే దాని రెక్కల్ని గాలి ఎత్తిపట్టే చోటే దాదాపు 2 మీటర్లు వెనక్కి పోయేది. అంటే మోస్తుండగా కావడివాడి భుజమే జరిగిపోయిందన్నమాట! అందుకే టన్నులకొద్దీ ఇంధనాన్ని ముందు ట్యాంకుల నుంచి తోక దాకా పంపేవారు, వేగం తగ్గించేటప్పుడు మళ్లీ ముందుకు.

ఇంతకీ ఒక బిందె తేలికైతే, ఎవరైనా తాగారా, చిల్లు పడిందా?

2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ సంస్థ ఎ330 విమానంలో అట్లాంటిక్ మీద రెండు రెక్కల ఇంధనానికీ తేడా కనిపించింది. పైలట్లు క్రాస్‌ఫీడ్ తెరిచారు. కానీ కుడి ఇంజన్ దగ్గర ఇంధనపు గొట్టం పగిలి ఉంది. మంచి రెక్కలోది కూడా ఆ చిల్లులోంచే పోయింది. ఒకదాని తర్వాత ఒకటి రెండు ఇంజన్లూ ఆగాయి. దాదాపు 19 నిమిషాలు గాల్లో జారుకుంటూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగారు. లోపలున్న 306 మందీ బతికారు.

లీకు ఉందేమోనన్న అనుమానముంటే ఆ వాల్వు తెరవొద్దని చెక్‌లిస్టులో రాసే ఉంది. ఆ రాత్రి వాళ్లు దాన్ని తీసి చూడలేదు, గుర్తున్న ప్రకారం చేసేశారు.