లెంచో ఉత్తరం చదివే పిల్లలకు

రాయగడ

చిరంజీవులైన పిల్లలందరికీ మామ్మ ఆశీస్సులు.

నేను రాయగడ వచ్చి పదిహేను రోజులైంది. మా అమ్మాయికి నలతగా ఉంటే సాయానికి వచ్చాను. ఇప్పుడు తగ్గింది. ఇక్కడ పనికేమీ తక్కువ లేదు గానీ, సాయంత్రం ఆరయ్యేసరికి పర్లాకిమిడిలో మన అరుగు, దాని మీద వరుసగా మీరు విడిచిన పుస్తకాల సంచులు కళ్ళ ముందుకు వస్తాయి. నిన్న మీలో ఒకరు ఫోను చేసి, "మామ్మగారూ, ఇంగ్లీషు పాఠాల కింద ఉన్న ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసి ఫోటో తీసి పంపండి, పరీక్షలు దగ్గరపడ్డాయి" అని అడిగారు. పంపనని చెప్పాను. అటువైపు నుంచి మాట రాలేదు. ఆ పసిమనసు నొచ్చుకుందని తెలిసి రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పంపనన్నానో ఫోనులో తేలే సంగతి కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. నలుగురూ కలిసి చదువుకోండి.

నేను పదో తరగతి చదివేటప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు పాఠం చదివేవారు కాదు. పాఠానికి పన్నెండేసి ప్రశ్నలు, వాటి జవాబులు చెప్పి రాయించేవారు. ఆ నోట్సు అంతా నాకు కంఠతా వచ్చేది. పరీక్షలో ఒక ప్రశ్న కాస్త మారింది. కథలో కుర్రవాడు ఇల్లు విడిచి ఎందుకు వెళ్ళాడు అని నోట్సులో ఉంటే, ఎలా వెళ్ళాడు అని పరీక్షలో అడిగారు. నేను ఎందుకు వెళ్ళాడో అక్షరం పొల్లుపోకుండా రాసి వచ్చాను. మార్కులు పోయాయి, అవి పోతే పోయాయి. ఆ కుర్రవాడు నడిచి వెళ్ళాడో, బండెక్కి వెళ్ళాడో, రాత్రి వెళ్ళాడో, పగలు వెళ్ళాడో నాకు తెలియకపోవడమే ఇన్నేళ్ళ తరువాత కూడా బాధగా ఉంది. జవాబులన్నీ నా దగ్గర ఉన్నాయి, కథ మాత్రం లేదు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన నేను మీకు అదే అన్యాయం చేయలేను.

సి.బి.ఎస్.ఇ. పదో తరగతి ఇంగ్లీషు పుస్తకం 'ఫస్ట్ ఫ్లైట్'లో మొదటి పాఠం తీసుకుందాం. 'ఎ లెటర్ టు గాడ్'. రాసినాయన మెక్సికో దేశపు రచయిత గ్రెగోరియో లోపెజ్ యి ఫువెంతెస్. లెంచో అనే రైతు, చిన్న గుట్ట మీద ఒంటరి ఇల్లు, పండటానికి సిద్ధంగా ఉన్న చేను, దానికి ఒక్క వాన కావాలి. వాన వస్తుంది, వెంటనే వడగళ్ళుగా మారి గంటసేపు కొట్టి చేను నేలమట్టం చేస్తుంది. లెంచో నూరు పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టుమాస్టరు దాన్ని చూసి మొదట నవ్వి, తరువాత ఆ నమ్మకానికి చలించి, తన జీతంలో కొంత వేసి, తోటివాళ్ళను అడిగి, డెబ్బై పెసోలు కవరులో పెడతాడు. కింద సంతకం ఒక్కటే మాట: దేవుడు.

ఈ పాఠం మీద గైడ్లన్నిటిలోనూ ఒక ప్రశ్న ఉంటుంది. లెంచో వానచినుకులను కొత్త నాణేలతో ఎందుకు పోల్చాడు? జవాబు కూడా అన్నిట్లో ఒక్కటే: వాన పడితే పంట బాగా పండి డబ్బు వస్తుంది కనుక. తప్పు కాదు, రెండు మార్కులు వస్తాయి. నేను బడిలో పాఠం చెప్పే రోజుల్లో ఒకసారి గైడ్లు మూయించి ఇదే ప్రశ్న తెలుగులో అడిగాను. కాశీనగరం వైపు పల్లె నుంచి వచ్చే ఒక పిల్లవాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, లేచి నిలబడి, "మా నాన్న కూడా వాన పడుతుంటే వాకిట్లో నిలబడి లెక్క వేసుకుంటాడండీ. ఎరువుల అప్పుకి ఇంత, అక్క పెళ్ళికి ఇంత అని" అన్నాడు. పెద్ద చినుకులు పది సెంట్లు, చిన్నవి ఐదు సెంట్లు అని లెంచో ఎందుకు విడివిడిగా అన్నాడో ఆ పిల్లవాడి మాటతో తరగతి మొత్తానికి తెలిసింది. ఉత్తినే మురిసిపోలేదు, లెంచో లెక్క వేసుకుంటున్నాడు.

అక్కడితో ఆపకుండా పేజీ కిందికి దిగండి. వడగళ్ళు పడుతున్నప్పుడు రచయిత మళ్ళీ నాణేల మాటే ఎత్తుతాడు: అవి నిజంగానే కొత్త వెండి నాణేల్లా ఉన్నాయి అంటాడు. చూశారా! లెంచో నాణేలని పిలిచిన చినుకులు నాణేల్లా లేవు, ఆ మాట అతని ఆశ మాత్రమే. తీరా నాణేల్లాంటివే ఆకాశం నుంచి రాలితే అవి చేనును చంపాయి. అతని పిల్లలు మాత్రం బయటికి పరుగెత్తి వాటిని ముత్యాల్లా ఏరుకుంటున్నారు. మూడోసారి డబ్బు ఎక్కడ వస్తుంది? పోస్టాఫీసు కిటికీ దగ్గర. లెంచో కవరు చింపి లెక్కపెడతాడు, డెబ్బై. అతనికి కోపం వస్తుంది. మిగతా డబ్బు పోస్టాఫీసు వాళ్ళు కాజేశారనుకుని అక్కడే దేవుడికి రెండో ఉత్తరం రాస్తాడు: మిగతాది పంపు, పోస్టులో మాత్రం పంపకు, వాళ్ళు దొంగల ముఠా అని. మూడు చోట్లా డబ్బు మాటే ఉంది, మొదటా చివరా లెంచో లెక్కపెడుతూనే ఉన్నాడు. ఈ మూడింటినీ ఒక దారాన గుచ్చిన జవాబు నేను ఏ గైడులోనూ చూడలేదు. మీరు వేళ్ళు పెట్టి వెతికితే పది నిమిషాల్లో దొరుకుతుంది. కాంప్రహెన్షన్ అంటే నాకు తెలిసినంతవరకు ఇదే. ప్రశ్న మనల్ని పాఠంలో ఒక చోటికి తీసుకెళ్ళి వదులుతుంది, అక్కడి నుంచి చుట్టుపక్కలంతా చూసుకోవడం మన పని.

ఇంకో ప్రశ్న పాఠం చివర పుస్తకంలోనే ఉంది. ఈ కథలో రెండు సంఘర్షణలు ఉన్నాయి, మనిషికీ ప్రకృతికీ ఒకటి, మనుషుల మధ్య ఒకటి, వివరించండి అని. మొదటిది అందరూ రాస్తారు. రెండోదానికి లెంచోకీ పోస్టాఫీసు వాళ్ళకీ అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ఆగి ఆలోచించండి. పోట్లాట అంటే ఇద్దరూ పోట్లాడాలి కదా. ఇక్కడ ఒకరు దొంగల ముఠా అని తిడుతున్నారు, రెండోవారు చేతిలోది తీసి ఇచ్చారు. తిట్టినవాడికి వాళ్ళు ఇచ్చారని తెలియదు, ఇచ్చినవాళ్ళకు తిట్టు తింటామని తెలియదు. ఆ రెండో ఉత్తరం చదివాక పోస్టుమాస్టరు ముఖం ఎలా ఉందో రచయిత చెప్పలేదు. ఉత్తరంతోనే కథ ఆగిపోతుంది. చెప్పకుండా వదిలిన ఆ చోటే నాకు కథలో అన్నిటికన్నా ఇష్టం.

భాష సంగతి కూడా రెండు మాటలు. మీరు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు మోస్తున్నారు. మూడు భాషలతో పిల్లలు నలిగిపోతున్నారని మీ అమ్మలు బాధపడటం నేను విన్నాను. నాకు అలా అనిపించదు. వడగల్లు అనే మాటే చూడండి. అందులోని గల్లు అంటే రాయి. ఒడియాలో కుఆపథర, పథర అంటే రాయి. ఇంగ్లీషులో హెయిల్‌స్టోన్, స్టోన్ అంటే రాయి. ఎక్కడెక్కడి వాళ్ళో ఆకాశం నుంచి పడిన మంచుగడ్డను చూసి ఒకే మాట అనుకున్నారు. ఒక్క భాషే తెలిసినవాడికి ఇది కనిపించదు, మీకు కనిపిస్తుంది.

అందుకే జవాబు ముందు తెలుగులో అనుకోమంటాను. ఒడియాలో అనుకుంటే హాయిగా ఉంటుందంటే అలాగే అనుకోండి. అర్థమైన తరువాత ఇంగ్లీషులోకి తేవడం కష్టం కాదు, ప్రశ్నే సగం వాక్యం మీ చేతికి ఇస్తుంది. ప్రశ్నలో 'డిడ్' ఉంటే భూతకాలాన్ని అదే మోస్తుంది, పక్కన ఉన్న 'గెట్' లాంటి క్రియ మామూలుగా ఉంటుంది. జవాబులో 'డిడ్' తీసేయగానే ఆ బరువు 'గెట్' మీద పడి 'గాట్' అవుతుంది. మీలో ముగ్గురు ఇప్పటికీ 'డిడ్ గాట్' అని రాస్తున్నారు. ఎవరో పేరు రాయను, వాళ్ళకు తెలుసు.

గైడు ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. అదే పుస్తకంలోని రాబర్ట్ ఫ్రాస్ట్ 'డస్ట్ ఆఫ్ స్నో' ఎనిమిది పాదాల చిన్న పద్యం, మొత్తం ఒకటే వాక్యం. హెమ్లాక్ చెట్టు మీది కాకి కదిలితే మంచుపొడి కవి మీద రాలుతుంది, దాంతో అతని మనసు కాస్త తేలికపడుతుంది. హెమ్లాక్ అంటే విషవృక్షం, కనుక అది దుఃఖానికి గుర్తు అని చాలా గైడ్లు రాస్తాయి. నేనూ కొన్నేళ్ళు అదే చెప్పాను. కానీ సోక్రటీసు తాగిన విషం హెమ్లాక్ అనే చిన్న మొక్కది. రాబర్ట్ ఫ్రాస్ట్ చెప్పిన హెమ్లాక్ ఉత్తర అమెరికాలో పెరిగే పెద్ద చెట్టు, పైన్, దేవదారు చెట్ల కుటుంబానిది. దానిలో విషం లేదు. పేరు ఒకటే కావడంతో ఇంత పొరపాటు జరిగింది. అలాగే కాకిని అపశకునం అంటారు. మన ఇళ్ళలో కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం, పితృదేవతలకు పెట్టే పిండం కాకి ముట్టాలని ఎదురుచూస్తాం. ఆ పద్యంలో కాకి చుట్టాలనూ తేలేదు, చెడునూ తేలేదు. కొమ్మ మీద కదిలింది, అంతే. పద్యం ముందు మీరొక్కరే కూర్చుని చదివితే అంత చిన్న కదలిక ఒక మనిషి దినాన్ని కొంతైనా ఎలా కాపాడిందో తెలుస్తుంది.

మన ఊళ్ళోనే గిడుగు వేంకట రామమూర్తి గారు ఉండేవారని మీకు ప్రతి ఆగస్టు 29న బడిలో చెబుతారు. వాడుక భాష కోసం పోరాడారని రాస్తే మార్కులు వస్తాయి. ఆయన పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. కొండల మీది సవరల భాష నేర్చుకోవడానికి చేతికి పుస్తకం ఏదీ లేకపోతే, తెలుగూ సవరా రెండూ తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, అడిగి, విని, రాసుకుని నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ప్రశ్న అడిగి, ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం ఆయన చదువు. మీరు నడిచే వీధుల్లోనే జరిగింది కనుక రాస్తున్నాను.

పన్నెండో తరగతి చదువుతున్న మా పెద్ద పిల్లలకు ఒక మాట. మీకు 'ది లాస్ట్ లెసన్' ఉంది. ఫ్రెంచి రచయిత ఆల్ఫోన్స్ దోదే 1873లో తెచ్చిన కథల పుస్తకంలోది. 1870, 71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడి, దాని సరిహద్దు ప్రాంతం అల్సాస్ జర్మనీ చేతికి పోయింది. ఇక బడుల్లో జర్మను మాత్రమే చెప్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వస్తుంది. హామెల్ మాస్టారి ఆఖరి ఫ్రెంచి పాఠం రోజున ఊరి పెద్దలు వెనక బల్లల మీద వచ్చి కూర్చుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మన ఊరు అందులోకి వెళ్ళినప్పుడు, గిడుగు వారు అన్నేళ్ళు ఉన్న ఇల్లు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ కథ చెప్పినప్పుడల్లా వెనక బల్ల మీద ఆయన కూర్చున్నట్టే ఉండేది నాకు.

అయితే ఒక సంగతి మరిచిపోవద్దు. అల్సాస్‌లో చాలామంది ఇళ్ళలో మాట్లాడింది జర్మనుకు దగ్గరి యాసే. కథ ఆ మాట చెప్పదు. అందువల్ల కథ చెడిపోదు, మీరు అడగవలసిన ప్రశ్న ఒకటి పెరుగుతుంది. మరో సంగతి. ఈ కథను ఒడియా మీద కోపానికి వాడుకోకండి. మనకు అన్నం పెట్టే ఊరి భాష అది, నాకు ప్రాణస్నేహితురాలు ఇచ్చిన భాష కూడా. హామెల్ మాస్టారు ఉత్తర్వు పంపినవాళ్ళను తిట్టడం కన్నా, పిల్లలను బడి మాన్పించి పనికి పంపిన తల్లిదండ్రులనూ, చదువు చెప్పకుండా పూలమొక్కలకు నీళ్ళు పోయించిన తననూ ఎక్కువగా తప్పుపట్టుకుంటాడు. మీ ఇళ్ళలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఎంతమంది? ఈ ఉత్తరాన్ని ఒకరు చదివి మిగతావాళ్ళకు వినిపించవలసి వస్తుందని తెలిసే రాస్తున్నాను. చదువుతున్న తల్లీ, నిదానంగా చదువు, తొందర లేదు.

వచ్చే ఆదివారం గుణుపురం మీదుగా వచ్చేస్తాను. ఆ లోపు ఒక్కటి చేయండి. లెంచో రెండో ఉత్తరం చదివిన పోస్టుమాస్టరు ఏమి చేసి ఉంటాడో ఒక్కొక్కరు అర పేజీ రాసి ఉంచండి. ఏ భాషలో రాసినా సరే. రాసింది ఒకరిది ఒకరు చూసుకోవద్దు. సాయంత్రం అరుగు మీద దీపం పెట్టగానే అన్నీ విప్పి చదువుదాం. గైడ్లు ఇంట్లోనే ఉంచి రండి.

ప్రేమతో,
మీ మామ్మ