కోవ్‌లో ఓడ దిగాక: మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

ఈ వారంలో ఇది మూడో ఫోను. అదే ప్రశ్న: "షిప్ వాళ్ల టూర్ తీసుకోకుండా సొంతంగా తిరిగితే ఓడ మమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుందట కదండీ?" ఐర్లాండ్‌లో కార్క్ దగ్గరున్న కోవ్ రేవులో నేను గైడుని. వేసవిలో సౌతాంప్టన్ నుంచి వచ్చే ఓడల్లో అమెరికా మనవాళ్లు, లండన్ మనవాళ్లు, వాళ్లతో పాటు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు బాగానే దిగుతారు. అందరికీ ఎవరో ఒకరు వాట్సాప్‌లో ముందే భయం పెట్టి పంపిస్తారు.

అపోహ: సొంతంగా వెళ్తే ఓడ తప్పిపోతుంది

ఇందులో సగం నిజముంది, అందుకే వదలడం లేదు. షిప్ వాళ్లు అమ్మిన టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ మామూలుగా ఆగుతుంది. మీరు విడిగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. ఇంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని, నలుగురున్న ఇంటివాళ్లు వందల డాలర్లు పోసి కార్క్ సిటీకి బస్సులో వెళ్లి రావడం చూస్తే కడుపు మండుతుంది. కోవ్ రైల్వే స్టేషన్ ఓడ ఆగే గట్టుని ఆనుకునే ఉంది. దిగి నాలుగడుగులు వేస్తే ప్లాట్‌ఫామ్. కార్క్ కెంట్ స్టేషన్‌కి పాతిక నిమిషాలు, పగటిపూట సుమారు అరగంటకో రైలు (ఆదివారం తక్కువ, ముందే చూసుకోండి), టికెట్ కొద్ది యూరోలు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. కోవ్ ఉన్నది గ్రేట్ ఐలండ్ అనే దీవి మీద. ఆ దీవికి రోడ్డు వంతెన ఒక్కటే, బెల్వెల్లీ దగ్గర, పాతది, ఇరుకుది. అక్కడ ఏదైనా అడ్డం పడితే టూర్ బస్సైనా టాక్సీ అయినా వరసలో నిలబడాల్సిందే. రైలు వంతెన వేరు.

నా మొదటి సీజన్‌లో నలుగురిని వ్యానులో కార్క్ అవతలి బ్లార్నీ కోటకి తీసుకెళ్లి, తిరిగొస్తూ సరిగ్గా ఆ వంతెన దగ్గర, ఇంకా కార్క్ వైపే ఉండగా ఇరుక్కుపోయాను. వెనక సీట్లో పెద్దావిడ ఆంజనేయ దండకం మొదలుపెట్టారు, నాకేమో చేతులు వణుకుతున్నాయి. చివరికి వ్యాను వెనక్కి తిప్పి, అటువైపే ఉన్న ఫోటా స్టేషన్‌లో వాళ్లని కోవ్ రైలెక్కించాను. వాళ్లు టైముకి ఓడెక్కారు, నేను గంటన్నర తర్వాత ఇల్లు చేరాను. అప్పటి నుంచి కార్క్ వరకు ఎవరడిగినా రైలే చెప్తున్నాను, నా వ్యాపారానికి నష్టమైనా సరే.

చూసుకోవాల్సింది ఓడ బయల్దేరే టైము కాదు, ఆల్ అబోర్డ్ టైము, అంటే అందరూ ఓడెక్కేసి ఉండాల్సిన టైము. అది మామూలుగా అరగంటో ఇంకా ఎక్కువో ముందుంటుంది. ఇంతకుముందు ఆగిన రేవు ఫ్రాన్స్‌లో అయితే అక్కడికీ ఇక్కడికీ గంట తేడా, కాబట్టి ఫోన్లో టైము నమ్మకండి, ఓడలో గడియారం చూసి దిగండి. ఆల్ అబోర్డ్‌కి కనీసం రెండు గంటల ముందు కోవ్‌లో ఉండేలా రైలెక్కితే టెన్షనే లేదు.

నిరుడు ఒక పెద్దాయన, విజయవాడ నుంచి న్యూజెర్సీ కొడుకు దగ్గరికి వచ్చినాయన, గట్టు మీద బెంచీలో కూర్చుని కదలనంటే కదలనన్నారు. టూర్ లేకుండా అడుగు బయట పెట్టొద్దని కొడుకు చెప్పాడట, టూరేమో బుక్ చేయలేదు! "బాబాయ్ గారూ, ఇంకా ఆరు గంటలుందండీ, ఓడ ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంటుంది, రండి" అని మెల్లగా పైకి నడిపించాను. సెయింట్ కోల్‌మన్ చర్చి ముందు నిలబడితే ఊరూ, రేవూ, ఆయన ఓడా అన్నీ కిందే. 49 గంటలున్న చర్చి అది. గంటలు మోగుతుంటే ఆయన గంటసేపు అక్కడే కూర్చున్నారు. భయం భయమే, దానికి నవ్వకూడదు. భయపెట్టే కొడుకుల మీదే నా కోపం.

మిగతావి గబగబా

"షెంగెన్ వీసా ఉందిగా!" షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు, ఐర్లాండ్ అందులో లేదు. పాస్‌పోర్టు ఇండియాదైతే గ్రీన్‌కార్డున్నా ఐర్లాండ్ వీసా నుంచి మినహాయింపు లేదు. యూకే విజిటర్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్) అని ఉండి, ముందు యూకేలో దిగి ఉంటే దానితో రావచ్చు. ఏదైనా సరే, డబ్బు కట్టకముందే క్రూజ్ కంపెనీని అడగండి, నన్ను కాదు.

పౌండ్లు ఇక్కడ చెల్లవు, యూరోలే. పౌండ్లు బెల్‌ఫాస్ట్‌లో, అది యూకే.

బ్లార్నీ కోట పైనున్న రాయిని ముద్దు పెట్టుకుంటే మాటకారితనం వస్తుందంటారు. మనవాళ్లకి ఆ అవసరం ఉందా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వందకు పైగా ఇరుకు మెట్లు ఎక్కాలని గుర్తుంచుకోండి.

గొడుగు వద్దు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోట్ తెచ్చుకోండి, జులై అయినా సరే.

టైటానిక్ ఇక్కడి గట్టుకి ఎప్పుడూ రాలేదు. 1912 ఏప్రిల్ 11న రేవు బయట రోషెస్ పాయింట్ దగ్గర లంగరేసింది, ఇక్కడ ఎక్కిన 123 మందిని చిన్న ఓడల్లో అక్కడికి తీసుకెళ్లారు. అప్పుడీ ఊరి పేరు క్వీన్స్‌టౌన్. వాళ్లు బయల్దేరిన చెక్క పియర్ (నీళ్లలోకి కట్టిన గట్టు) తాలూకు గుంజలు, టైటానిక్ కంపెనీ వైట్ స్టార్ లైన్ పాత ఆఫీసు వెనక నీళ్లలో ఇంకా కనిపిస్తాయి. మీ ఓడ పక్కన నిలబడి "టైటానిక్ ఆగిన చోటు" అని స్టేటస్ పెట్టేకంటే, ఐదు నిమిషాలు నడిచి ఆ గుంజల దగ్గర ఫోటో దిగండి.