బొగ్గు తగ్గితే కొలువుల మాటేమిటి? సింగరేణి అనుభవం

కర్బన ఉద్గారాలను తగ్గిస్తే దేశంలో ఉపాధి పెరుగుతుందా, తరుగుతుందా అన్న చర్చ, 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు (వదిలినంత కర్బనాన్నీ తిరిగి పీల్చేసుకునే స్థితి) సాధిస్తామని 2021 గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ ప్రకటించాక ఊపందుకుంది. కానీ బొగ్గు ప్రాంతాల్లో కొలువులు తరగడం అంతకు చాలా ముందే మొదలైంది, అదీ వాతావరణ విధానాలతో సంబంధం లేకుండా.

తెలంగాణలోని బొగ్గు గనుల సంస్థ సింగరేణినే చూడండి. 1889లో ఇల్లందులో తవ్వకాలు మొదలుపెట్టిన ఈ సంస్థలో 1990ల ఆరంభంలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవారు. భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్ (బుట్ట, పార) పట్టుకుని బొగ్గు టబ్బులు నింపే ఫిల్లర్లు వారిలో పెద్ద భాగం. అప్పట్లో ఏడాదికి 2 కోట్ల టన్నుల లోపే ఉన్న ఉత్పత్తి ఇప్పుడు 7 కోట్ల టన్నుల దాకా పెరగగా, పర్మినెంటు కార్మికులు మాత్రం దాదాపు 40 వేలకు తగ్గిపోయారు. పైనుంచి నేల తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో షావెళ్లు, డంపర్లు మనుషుల స్థానాన్ని ఆక్రమించాయి. మట్టి తొలగించే పని కాంట్రాక్టర్ల చేతికి వెళ్లింది. వారసత్వ ఉద్యోగాల కోసం ఇక్కడ ఇన్నేళ్లుగా పోరాటాలు సాగడానికి మూలం ఈ కుదింపే.

సౌర విద్యుత్తు ఆ లోటు తీరుస్తుందన్న ఆశను జాగ్రత్తగా తూచాలి. 2017లో పూర్తయిన ఉమ్మడి కర్నూలు జిల్లాలోని 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వంటి చోట్ల నిర్మాణ దశలో చాలామందికి పని దొరుకుతుంది, కానీ ఆ తర్వాత మిగిలేది ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం వంటి కొద్దిపాటి పనులు. పైగా ఎండ, భూమి ఉన్న చోటికి సౌర పరిశ్రమ వెళుతుంది తప్ప గని మూతపడిన ఊరికి వెతుక్కుంటూ రాదు.

కార్మికులకు న్యాయమైన పరివర్తన, అంటే వారిని రోడ్డున పడేయకుండా జరిగే మార్పు, అవసరమని 2015 పారిస్ వాతావరణ ఒప్పందం పీఠికలోనే ఉంది. జర్మనీ ఆ మాటను చట్టంగా మార్చింది: 2038 లోపు బొగ్గు విద్యుత్తును ఆపేయాలని 2020లో నిర్ణయిస్తూ, బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల వరకు సాయం ప్రకటించింది. మన దేశంలో 2009 నాటి మార్గదర్శకాలు గనుల మూసివేతకు ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే వాడాల్సిన ప్రత్యేక ఖాతా) డబ్బు జమ చేయమన్నాయి. అయితే అది ప్రధానంగా గుంతలు పూడ్చడానికి, మొక్కలు నాటడానికి ఉద్దేశించినది. ఉద్గారాలు తగ్గించాల్సిందే, కానీ పర్మినెంటు కార్మికుడికి పింఛనైనా ఉంటుంది, అతని పక్కనే డంపరు నడిపిన కాంట్రాక్టు డ్రైవరుకు గని మూతపడిన మరుసటి నెల కూలి ఎవరిస్తారో ముందుగా రాతపూర్వకంగా తేల్చాలి.