గుప్పెడు స్ఫటికానికి గనుల చట్టం

ఒడిశాలోని రాయగడ, గునుపురం వైపు స్ఫటికంతో వినాయకులు, శివలింగాలు చెక్కే తెలుగు పనివాళ్లు ముడిరాయి ఎక్కడ తెచ్చుకుంటున్నారన్న తగవు మళ్లీ మొదటికొచ్చింది. పక్క జిల్లా కలహండి కెంపులు, వైడూర్యాల సంగతి అందరికీ తెలిసిందే. 1936లో ఒడిశా విడిపోయాక ఇటే ఉండిపోయిన తెలుగు కుటుంబాల కథా కొత్తది కాదు. ఇప్పటి గొడవకి మూలం 2025 ఫిబ్రవరి 20న ఉంది.

ఆ రోజు కేంద్ర గనుల శాఖ క్వార్ట్‌జ్, ఫెల్‌స్పార్, మైకా, బెరైటీస్‌లను మైనర్ మినరల్స్ (నిబంధనలు రాష్ట్రం రాసేవి) జాబితా నుంచి తీసి మేజర్‌లో (కేంద్రం రాసేవి) చేర్చింది. స్ఫటికం కూడా క్వార్ట్‌జే. క్వార్ట్‌జ్, ఫెల్‌స్పార్, మైకా దొరికే పెగ్మటైట్ రాళ్లలోనే లిథియం, బెరిల్, టాంటలం లాంటివి ఉంటాయి, మైనర్ లీజుల్లో అవి లెక్కకి రావడం లేదు అన్నది కేంద్రం చెప్పిన కారణం. బ్యాటరీల కాలంలో ఆ మాటకి బలం ఉంది. కానీ చెక్కడానికి అరచేతిలో పట్టే రాయి కొనేవాడికీ లిథియానికీ సంబంధమేంటో ఎవరూ చెప్పలేదు.

పని చూస్తే సంగతి తెలుస్తుంది. రాయిని ముందు దీపానికి అడ్డం పెట్టి పగుళ్లు వెతుకుతారు. లోపల సన్నని పొర మెరిస్తే పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే మోటారు తగలగానే అక్కడే విడిపోతుంది. స్ఫటికం కాఠిన్యం మోస్ కొలతలో పదికి 7, మామూలు ఉక్కు ఉలి దాని మీద పనిచేయదు. అందుకే వజ్రపు పొడి అద్దిన చిన్న బర్రులతో (మోటారుకి బిగిస్తే తిరిగే మొనలు), నీళ్లు చుక్కచుక్కగా పడుతుండగా అరగదీస్తారు. వినాయకుడి తొండానికీ బొజ్జకీ మధ్య సందు దగ్గర చెయ్యి ఏమాత్రం తొందరపడినా రోజుల పని పోతుంది. నీళ్లు ఆపితే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఈ తగవులో దాని గురించి మాట్లాడేవాళ్లే లేరు, అది నాకు బాధగా ఉంది.

ఇంత పనికి నెలకి కావలసిన రాయి ఒక సంచి. చట్టం దృష్టిలో మాత్రం అదీ, ఉక్కులో కలిపే ఫెర్రో అల్లాయ్ తయారుచేసే కొలిమికి లారీల్లో వెళ్లే క్వార్ట్‌జూ ఒకటే. తెరుబలి ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ ఉన్న రాయగడ జిల్లాలో ఈ తేడా అధికారులకి తెలియకపోదు.

రాష్ట్ర గనుల శాఖ వాదన సూటిగా ఉంది: కాగితం లేని ఖనిజం దొంగ ఖనిజమే, కలహండిలో దొంగతవ్వకాలు చూశాక ఎవరికీ సడలింపు ఇవ్వలేం.

పనివాళ్లది వేరే మాట. వాళ్లు తవ్వరు, కొంటారు. పొలాల్లో, వాగుల్లో రాయి ఏరి తెచ్చి అమ్మేవాళ్లు బిల్లు ఇవ్వరు. అక్రమ రవాణా కేసు పడితే గనుల చట్టం 21వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు ఉంది. ఒక సంచి రాయి కోసం అంత టెన్షన్ ఎవరు పడతారు? వాళ్లకి అసలు కోపం గడిచిన పదేళ్ల మీద. 2015 ఫిబ్రవరి 10న క్వార్ట్‌జ్ మైనర్ మినరల్ అయింది, అంటే నిబంధనలు రాసే కలం రాష్ట్రం చేతికి వచ్చింది. 2016లో ఒడిశా కొత్త నిబంధనలు తెచ్చి, ఖనిజం తరలించడానికి వై-ఫారం అనే రవాణా పాస్ పెట్టింది. ఆ రోజుల్లోనే చేతిపనివాళ్లకి ఇన్ని కిలోల దాకా రసీదు చాలు అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇప్పుడు కలం కేంద్రం దగ్గరికి వెళ్లిపోయిందని రాష్ట్రం చేతులెత్తేస్తే ఒప్పుకోనక్కర్లేదు. అదే చట్టంలో 23సి సెక్షన్ ఖనిజాల రవాణా, నిల్వలపై నిబంధనలు చేసే అధికారం రాష్ట్రాలకే ఇచ్చింది. కొనుగోలు, నిల్వ, అమ్మకం, రవాణాలను లైసెన్సుతో ముడిపెట్టిన 2007 ఒడిశా నిబంధనలు వచ్చింది దాని కిందే. చేతిపనికి కొనే రాయి ఎన్ని కిలోల దాకా ఆ లైసెన్సు అక్కర్లేదో చెప్పే సవరణ భువనేశ్వర్‌లోనే చేయొచ్చు.